బెంగళూరులో కాపురం, అమెరికాలో డొమిసైల్: స్పౌజ్ వీసా అసలు ఎక్కడ ఆగుతుంది

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లల్లో ఈమధ్య ఒక రకం పెళ్లిళ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అబ్బాయో అమ్మాయో అమెరికాలో పుట్టారు, వాళ్ల నాన్న హెచ్-1బీ మీద అక్కడున్న రోజుల్లో, పిల్లలకి రెండేళ్లో నాలుగేళ్లో ఉండగానే ఇంటిల్లిపాదీ తిరిగొచ్చేశారు, స్కూలు కాలేజీ ఉద్యోగం అన్నీ ఇక్కడే, చేతిలో మాత్రం అమెరికా పాస్‌పోర్టు, పక్కన ఇండియాలో ఉండటానికి ఓసీఐ కార్డు. పెళ్లి చేసుకుంది ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లని. ఇంకో రకం వాళ్లు కూడా ఉన్నారు, అక్కడ పదిహేనేళ్లు ఉండి సిటిజన్‌షిప్ తీసుకుని, అమ్మానాన్నల్ని చూసుకోటానికో మంచి ఉద్యోగం వచ్చిందనో ఇక్కడికి వచ్చేసి ఇక్కడే సెటిలైనవాళ్లు. ఏదో ఒకరోజు ఇద్దరూ కలిసి అమెరికా వెళ్లిపోదాం అనుకుంటారు, అప్పుడు మొదట వచ్చే ప్రశ్న, గ్రీన్ కార్డ్ ఇక్కణ్ణుంచే అప్లై చెయ్యొచ్చా లేక సిటిజన్ ముందు ఒక్కళ్లే అక్కడికెళ్లి ఏళ్ల తరబడి ఎదురుచూడాలా అని.

ఇక్కణ్ణుంచే చెయ్యొచ్చు. స్పౌజ్ కోసం ముందుగా వేసేది ఐ-130, ఆ పిటిషన్ వెయ్యటానికి సిటిజన్ అమెరికాలో ఉండాల్సిన పనేం లేదు, అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరుచుకుని ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, పేపర్ మీద పంపితే 675, 2024 ఏప్రిల్‌లో పెంచిన రేట్లు ఇవి, వేసే రోజున సైట్‌లో ఇంకోసారి చూసుకోవటం మంచిది. దాంతోపాటు భార్య లేదా భర్త వివరాలకి ఐ-130ఏ అని ఇంకో ఫారం. సిటిజన్‌కి భార్యో భర్తో అయితే ఇమీడియట్ రిలేటివ్ కింద లెక్క, అంటే ఏడాదికి ఇన్ని వీసాలే అనే కోటా వీళ్లకి లేదు, క్యూ ఎంతదాకా కదిలిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా చూసుకుంటూ కూర్చునే బాధ లేదు. అయినా పిటిషన్ అప్రూవ్ అవటానికే ఏడాది దాటటం మామూలైపోయింది, ఆ తర్వాత ఫీజులు, కాగితాలు తీసుకునే ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్), ఆ తర్వాత ఇంటర్వ్యూ క్యూ.

ఇక్కడ పాత సమాచారం చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. ఒకప్పుడు ఇండియాలో నివాసం ఉండే సిటిజన్లు ఢిల్లీలోని యూఎస్‌సీఐఎస్ ఆఫీసులోనే పిటిషన్ వేసుకునే వీలుండేది, డీసీఎఫ్ (డైరెక్ట్ కాన్సులర్ ఫైలింగ్) అనేవాళ్లు, కొన్ని నెలల్లో పనైపోయేది, అప్పట్లో అలా వెళ్లిన బావగారో అన్నయ్యో "ఏముంది, ఢిల్లీలో వేసెయ్" అని ఇప్పటికీ చెప్తూ ఉంటారు. 2020 ఫిబ్రవరి 1 నుంచి యూఎస్‌సీఐఎస్ విదేశీ ఆఫీసులు మామూలు ఐ-130లు తీసుకోవటం మానేశాయి. ఇప్పుడు మిగిలింది ఒక చిన్న సందు మాత్రమే, ప్రత్యేక పరిస్థితి ఉంటే ఎంబసీ లేదా కాన్సులేట్ వాళ్లు తీసుకోవచ్చు, తీసుకోకపోనూవచ్చు, అది వాళ్లిష్టం. మెడికల్ ఎమర్జెన్సీ, ప్రాణానికి ముప్పు లాంటివి ఆ కోవలోకి వస్తాయి, బెంగళూరు వాళ్లకి బాగా పనికొచ్చేది ఇంకోటి ఉంది, కంపెనీ ఉన్నట్టుండి తక్కువ టైమిచ్చి అమెరికాకి ట్రాన్స్‌ఫర్ చెయ్యటం. అమెరికన్ కంపెనీల్లో పనిచేసే సిటిజన్లకి ఇది నిజంగా జరిగే విషయమే, కాబట్టి ట్రాన్స్‌ఫర్ మాట నడుస్తుంటే ఆ లెటర్ చేతికొచ్చేదాకా ఆన్‌లైన్‌లో పిటిషన్ వెయ్యాలా ఆగాలా అనేది కాస్త ఆలోచించుకోవాలి, ఎందుకంటే యూఎస్‌సీఐఎస్‌లో ఒకసారి వేసేశాక మళ్లీ కాన్సులేట్‌లో తీసుకోమని అడగటం కష్టమవుతుంది.

ఇక అసలు విషయం. మనవాళ్లందరి భయం పెళ్లి నిజమైందని ఎలా నిరూపించాలా అనే. కానీ ఇక్కడ కలిసి కాపురం చేస్తున్న జంటకి అది కష్టమైన పని కానే కాదు. శుభలేఖ ఉంది, ఆల్బమ్ ఉంది, రిజిస్ట్రార్ ఆఫీసు సర్టిఫికెట్ ఉంది, ఇద్దరి పేర్లతో పదకొండు నెలల రెంటల్ అగ్రిమెంట్లు ప్రతి ఏడాదివీ ఉంటాయి, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో స్పౌజ్ పేరు ఉంటుంది, పీఎఫ్ నామినీ, ఎల్ఐసీ నామినీ, జాయింట్ అకౌంట్, తిరుపతి వెళ్లినప్పటి టికెట్ల దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. ఒకళ్లు ఇక్కడ ఒకళ్లు అక్కడ ఉండే జంటలకి లేని బలం ఇది, ఒకే కప్పు కింద ఉన్న సంసారానికి కాగితాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. కేసు ఆగేది ఇక్కడ కాదు, ఐ-864 దగ్గర.

ఐ-864 అంటే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, వచ్చే మనిషిని ప్రభుత్వం మీద భారం పడనివ్వకుండా చూసుకుంటానని సిటిజన్ సంతకం పెట్టి ఇచ్చే హామీ. దీన్ని సంపాదన కాగితం అనుకుని జీతం స్లిప్పులు సిద్ధం చేసుకుంటారు, కానీ దాంట్లో డబ్బు కంటే ముందు అడిగేది డొమిసైల్, అంటే ఆ సిటిజన్ ఇల్లు, కాపురం అమెరికాలో ఉండాలి. బెంగళూరులో ఉంటూ ఆ హామీ ఇచ్చే మనిషికి అమెరికాలో కాపురం ఎక్కడ్నుంచి వస్తుంది. ఐ-130 వేసేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు, ఆ స్టేజ్‌లో అది అవసరం కూడా లేదు, అందుకే ఏడాది పైన నిశ్చింతగా గడిచిపోతుంది, అప్రూవల్ మెయిల్ వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు, తర్వాత ఎన్‌వీసీ దగ్గర 325 డాలర్లు వీసా ఫీజు, 120 డాలర్లు అఫిడవిట్ ఫీజు కట్టి వీసా దరఖాస్తు డీఎస్-260 నింపి ఐ-864 తెరిస్తే అప్పుడు తెలుస్తుంది. అప్పటికప్పుడు పరుగులు. ఏడాది ముందే మొదలుపెట్టి ఉంటే తీరిగ్గా అయిపోయే పని అది, కేవలం ఎవరూ చెప్పకపోవటం వల్ల అలా అవుతోంది.

రూల్ మరీ కఠినమైంది కాదు. సిటిజన్ ఇప్పుడే అక్కడ ఉండి తీరాలని అనట్లేదు, భార్య లేదా భర్త ఇమ్మిగ్రెంట్‌గా అడుగుపెట్టే రోజుకల్లా తనూ అక్కడ నివాసం పెట్టుకునే ఉద్దేశం ఉందని, దానికి నిజంగా పనులు మొదలుపెట్టానని చూపించాలి. ముందే వెళ్లొచ్చు, ఇద్దరూ కలిసి ఒకే ఫ్లైట్‌లో వెళ్లొచ్చు, భార్యని ముందు పంపేసి "ప్రాజెక్ట్ అయ్యాక ఆరు నెలల్లో వస్తా" అంటే మాత్రం కుదరదు. పనులు మొదలుపెట్టటం అంటే అక్కడ బ్యాంక్ అకౌంట్, దాంట్లోకి డబ్బు పంపటం, అక్కడి ఉద్యోగాలకి అప్లై చేసిన మెయిల్స్, ఇంటర్వ్యూ కాల్స్, ఆఫర్ లెటర్, ఓటు నమోదు, ఉండబోయే ఇంటి లీజు, లేకపోతే చుట్టాలింట్లో దిగుతామంటే వాళ్లిచ్చిన లెటర్, పిల్లలుంటే అక్కడి స్కూలుతో మాట్లాడిన ఉత్తరాలు, ఇక్కడ ఉద్యోగానికి ఇచ్చిన నోటీసు. వీటిల్లో ఒక్కటి చాలదు, అన్నీ అక్కర్లేదు, నాలుగైదు కలిపి చూస్తే ఈ మనిషి నిజంగా వెళ్లబోతున్నాడు అని ఆఫీసర్‌కి అనిపించాలి. పైన ఒక పేజీలో తేదీలతో సహా ప్లాన్ ఏంటో రాసి పెడితే చదివేవాళ్లకి సులువు. అమెరికా కంపెనీయే అక్కణ్ణుంచి కొన్నాళ్ల కోసం పంపిన ఉద్యోగులకి వేరే వెసులుబాటు ఉంది, వాళ్ల డొమిసైల్ పోలేదనే చూస్తారు, కానీ ఇక్కడి బ్రాంచ్‌లో ఇక్కడి జీతానికి చేరినవాళ్లు తమని ఆ లెక్కలో వేసుకోకూడదు.

చిన్నప్పుడే వచ్చేసిన పిల్లలకి ఇది ఇంకా ఇబ్బంది, ఎందుకంటే పాస్‌పోర్టూ, ఎక్కడో బీరువాలో అమ్మ దాచిన సోషల్ సెక్యూరిటీ కార్డూ తప్ప అమెరికాతో వాళ్లకి ఏ లావాదేవీ ఉండదు. ఆ కార్డు నంబర్ ఐ-864లో కావాలి, ముందు అది వెతికి పెట్టుకోవాలి.

డబ్బు సంగతి. అమెరికా ప్రభుత్వం లెక్కగట్టే పేదరికపు గీత, అంటే పావర్టీ గైడ్‌లైన్‌కి 125 శాతం ఆదాయం చూపించాలి, 2025 లెక్కలో ఇద్దరి కుటుంబానికి 26,437 డాలర్లు. బెంగళూరులో ఏడాదికి నలభై లక్షలు తెచ్చుకునే వాళ్లకి ఇదేం పెద్ద మొత్తం కాదు కదా అనిపిస్తుంది, కానీ ఆ నలభై లక్షలు లెక్కలోకి రావు. అమెరికా వెళ్లాక కూడా అదే చోటు నుంచి వచ్చే ఆదాయమైతేనే లెక్క, ఇక్కడ రిజైన్ చేసి వెళ్లేవాళ్లకి ఆ జీతం అక్కడితో ఆగిపోతుంది కాబట్టి కాగితం మీద ఆదాయం సున్నా. అదే కంపెనీలో అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయితే, లేదా అక్కడికెళ్లాక కూడా అదే రిమోట్ ఉద్యోగం కొనసాగుతుందని కంపెనీ రాసిస్తే చూపించుకోటానికి దారి ఉంది.

ఆదాయం లేకపోతే ఆస్తి చూపించొచ్చు, సిటిజన్ స్పౌజ్ కేసులో తక్కువపడిన మొత్తానికి మూడు రెట్లు, ఆదాయం పూర్తిగా సున్నా అయితే 79 వేల డాలర్ల పైన అన్నమాట. ఎఫ్‌డీలు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, ఏడాదిలో అమ్మి సొమ్ము చేసుకోగలిగిన ఫ్లాట్ పనికొస్తాయి, లోన్ బాకీ ఉంటే అది తీసేసి మిగిలిందే లెక్క, వాల్యుయేషన్ రిపోర్ట్ ఉండాలి. చాలామందికి తెలియని మంచి విషయం, వీసా కోసం అప్లై చేసే భార్య లేదా భర్త పేరు మీదున్న ఆస్తి కూడా కలుపుకోవచ్చు. పెళ్లిలో అమ్మాయి పేరు మీద పెట్టిన ఎఫ్‌డీ, తన జీతంలో తను కొనుక్కున్న ఫండ్లు అన్నీ ఇందులోకి వస్తాయి.

ఎక్కువమంది వెళ్లే దారి మాత్రం జాయింట్ స్పాన్సర్, డాలస్‌లో బాబాయో న్యూజెర్సీలో మేనమామో. ఆ ఫోన్ కాల్ అంత తేలికైంది కాదు. బాబాయ్ సంతకం పెట్టాలి, దాంతోపాటు తన ట్యాక్స్ రిటర్న్, జీతం వివరాలుండే డబ్ల్యూ-2 ఇవ్వాలి, అంటే తన జీతం ఎంతో అన్నయ్య ఇంటికి తెలిసిపోతుంది, పిన్నికి అది ఇష్టం ఉండకపోవచ్చు, అడిగేవాళ్లకీ మొహమాటం. లెక్క కూడా వాళ్ల ఇంటిమందితో కలిపి, వాళ్లు నలుగురుంటే వచ్చే మనిషితో ఐదుగురు, 2025 లెక్కలో 47,062 డాలర్లు దాటాలి, అక్కడి ఉద్యోగస్తులకి అది పెద్ద ఇబ్బంది కాదు. అడిగేటప్పుడు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది, ఆ సంతకం ఒట్టి లాంఛనం కాదు, వచ్చిన మనిషి సిటిజన్ అయ్యేదాకా లేదా 40 క్వార్టర్లు అంటే దాదాపు పదేళ్ల పని లెక్కలోకి వచ్చేదాకా ఆ బాధ్యత చట్టప్రకారం ఉంటుంది, మధ్యలో విడాకులైనా పోదు. ఇది చెప్పకుండా "ఊరికే ఒక ఫారం బాబాయ్" అని సంతకం పెట్టించుకోవటం అన్యాయం. ఇంకో మాట, బాబాయ్ ఎంత సంపాదించినా సిటిజన్ తన ఐ-864 తను ఇచ్చి తీరాలి, తన డొమిసైల్ తను చూపించి తీరాలి, జాయింట్ స్పాన్సర్ ఆదాయం లోటు తీరుస్తాడు గానీ డొమిసైల్ లోటు తీర్చలేడు.

దీంతో ముడిపడిన ఇంకో గుదిబండ ట్యాక్స్ రిటర్న్. అమెరికా సిటిజన్ ప్రపంచంలో ఎక్కడున్నా అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి రిటర్న్ వెయ్యాలి, ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేశాం కదా అంటే సరిపోదు. ఫారం 2555 వేస్తే విదేశీ జీతంలో పెద్ద భాగం మినహాయింపు కిందకి పోయి చాలామందికి కట్టాల్సింది ఏమీ ఉండదు, కానీ వెయ్యటం తప్పదు, పెళ్లయి విడిగా ఫైల్ చేసేవాళ్లకైతే ఆదాయం 5 డాలర్లు దాటితే చాలు వెయ్యాల్సిందే. ఇక్కడి బ్యాంకుల్లో అన్నీ కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ అకౌంట్ల వివరాలు చెప్పే ఎఫ్‌బీఏఆర్ వేరే. ఇక్కడ పెరిగిన సిటిజన్ పిల్లలకి ఇదంతా ఎవరూ చెప్పరు, ఇరవై ఆరేళ్లొచ్చాక ఐ-864కి పోయినేడాది ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ కావాలన్నప్పుడు మొదటిసారి వింటారు. కావాలని ఎగ్గొట్టని వాళ్ల కోసం స్ట్రీమ్‌లైన్డ్ అని ఒక పద్ధతి ఉంది, మూడేళ్ల రిటర్న్‌లు, ఆరేళ్ల ఎఫ్‌బీఏఆర్‌లు వేసి, తెలియక చెయ్యలేదని రాసిస్తే, విదేశంలో ఉంటున్నవాళ్లకి పెనాల్టీ లేకుండా సరిచేసుకునే అవకాశం. ఐ-130 వేసిన నెలలోనే ఇది కూడా మొదలుపెట్టేస్తే పిటిషన్ కదిలేలోపు ఇది అయిపోతుంది.

కాగితాల విషయానికొస్తే మన పేర్లే మనకి సమస్య. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్టులో ఆ ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఆధార్‌లో వెంకట అనే మాట ఎగిరిపోయి ఉంటుంది, పెళ్లయ్యాక రెన్యువల్ చేయించుకుంటే సర్‌నేమ్ గడిలోకి భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. ఒక మనిషికి నాలుగు పేర్లు. ఇందులో తప్పేం లేదు, డీఎస్-260లో వాడిన వేరే పేర్లు అనే చోట అన్నీ రాసెయ్యాలి, ఇవన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి పెట్టుకోవాలి.

బర్త్ సర్టిఫికెట్ ఇంకో కథ. ఒంగోలు మున్సిపాలిటీ నుంచో ఒక పల్లె పంచాయతీ నుంచో తెచ్చుకున్న పాత కాగితం తీసి చూస్తే పుట్టిన తేదీ ఉంటుంది, నాన్న పేరు ఉంటుంది, అమ్మ పేరు ఉంటుంది, బిడ్డ పేరు ఉండాల్సిన చోట ఖాళీ, లేకపోతే "ఆడ శిశువు" అని మాత్రం. బారసాలకి ముందే రిజిస్టర్ అయింది, తర్వాత పేరు చేర్పించటం ఎవరికీ గుర్తులేదు. ఇది పుట్టిన ఊళ్లోనే సరిచేయించుకోవాలి, బెంగళూరులో ఏ ఆఫీసూ చెయ్యదు, అంటే రాత్రి బస్సెక్కి వెళ్లటం, ఆధార్ కాపీలు, అమ్మానాన్నల అఫిడవిట్, స్కూలు రికార్డు, రెండు మూడు తిరుగుళ్లు. అసలు రిజిస్టరే అవ్వలేదంటే దొరకలేదనే సర్టిఫికెట్ తీసుకుని స్కూలు రికార్డుల్లాంటి ఇతర ఆధారాలతో పెట్టాలి. తెలుగులో, కన్నడలో ఉన్న కాగితాలకి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణ ఉండాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవ ద్వారానే వస్తుంది, కాకపోతే పాస్‌పోర్టులో గుంటూరు అడ్రస్, ఉండేది సర్జాపూర్ రోడ్డు అయితే ఎక్కడి స్టేషన్ వెరిఫికేషన్‌కి వస్తుందో ముందే చూసుకుని ఇక్కడి అడ్రస్ ప్రూఫ్ పెట్టుకోవాలి. మాస్టర్స్ కోసం వేరే దేశంలో ఏడాది, ఆపైన ఉన్నవాళ్లకి ఆ దేశం నుంచి కూడా కావాలి, అది తెప్పించుకోటానికి టైమ్ పడుతుంది.

పిల్లల విషయంలో ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. బెంగళూరులో పుట్టిన బిడ్డకి తల్లో తండ్రో అమెరికా సిటిజన్ కాబట్టి బిడ్డా సిటిజనే అనుకుంటారు. అలా కావాలంటే ఆ సిటిజన్ బిడ్డ పుట్టకముందు మొత్తం 5 ఏళ్లు అమెరికాలో ఉండి ఉండాలి, అందులో 2 ఏళ్లు తనకి 14 నిండాక అయ్యుండాలి. పదిహేనేళ్లు అక్కడుండి వచ్చినవాళ్లకి ఇబ్బంది లేదు, చెన్నై కాన్సులేట్‌లో సీఆర్‌బీఏ, అంటే విదేశంలో పుట్టిన సిటిజన్ బిడ్డ నమోదు చేయించుకుంటే పాస్‌పోర్ట్ వచ్చేస్తుంది. మూడేళ్లప్పుడు వచ్చేసిన సిటిజన్‌కి మాత్రం ఆ లెక్క కుదరదు, బిడ్డకి విడిగా ఇంకో ఐ-130 వెయ్యాలి, భార్య పిటిషన్‌లోనే బిడ్డ కూడా వచ్చేస్తుందనుకోకూడదు, ఇమీడియట్ రిలేటివ్ కేసుల్లో డిపెండెంట్ అనే మాటే లేదు. రెండు పిటిషన్లూ ఒకేసారి వెయ్యకపోతే అమ్మకి వీసా వచ్చి బిడ్డ ఆగిపోయే పరిస్థితి వస్తుంది, ఇంతకంటే దిగులు పెట్టేది ఇంకోటి ఉండదు. ఊరట ఏంటంటే ఆ బిడ్డ పద్దెనిమిదేళ్లలోపు ఇమ్మిగ్రెంట్ వీసా మీద అడుగుపెట్టి సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి దగ్గరే ఉంటే అక్కడికి చేరగానే సిటిజన్ అయిపోతుంది.

గ్రీన్ కార్డ్ హోల్డర్లకి ఈ వ్యాసంలో చెప్పిందంతా ఇలాగే వర్తించదు, వాళ్లు స్పాన్సర్ చేస్తే ఏడాదికి ఇన్నే అనే ఎఫ్2ఏ కోటాలో క్యూ, పైగా ఇక్కడ ఉండిపోతే వాళ్ల కార్డుకే ముప్పు.

ఎన్‌వీసీ కాగితాలన్నీ సరేనంటే దాన్ని డీక్యూ (డాక్యుమెంటరిలీ క్వాలిఫైడ్) అయింది అంటారు, అక్కణ్ణుంచి ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూపు. 2025 జనవరిలో బెంగళూరులో అమెరికా కాన్సులేట్ మొదలుపెట్టారు, ఆ వార్త చూసి చాలామంది ఆశపడ్డారు, కానీ అది వీసా సేవలు లేకుండానే మొదలైంది. చెన్నై, హైదరాబాద్‌లలో విజిటర్, స్టూడెంట్, హెచ్-1బీ లాంటివి చేస్తారు, ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకి మనవాళ్లు ముంబై వెళ్లాల్సి ఉంటుంది. మెడికల్ కూడా ఏ డాక్టర్ దగ్గర పడితే ఆ డాక్టర్ దగ్గర కాదు, కాన్సులేట్ లిస్టులో ఉన్నవాళ్ల దగ్గరే. ఎక్స్‌రేలో ఛాతీలో ఏదైనా మచ్చ కనిపిస్తే, ఎప్పుడో చిన్నప్పుడు తగ్గిపోయిన టీబీ మచ్చ అయినా సరే, కఫం కల్చర్‌కి 8 వారాలు ఆగాలి, కాబట్టి ఆ చరిత్ర ఉన్నవాళ్లు మెడికల్‌ని ఇంటర్వ్యూకి మరీ దగ్గరగా పెట్టుకోకూడదు. ఇంటర్వ్యూ రోజు సిటిజన్ పక్కన లేకపోయినా నడుస్తుంది, కానీ డొమిసైల్ మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సింది అప్లై చేసిన మనిషే, అందుకే ఆ ఫైల్‌లో ఏముందో, ఎక్కడ దిగబోతున్నారో, ఉద్యోగం సంగతి ఏంటో ఇద్దరికీ ఒకేలా తెలిసుండాలి.

వీసా స్టాంప్ అయ్యాక 235 డాలర్లు ఇమ్మిగ్రెంట్ ఫీజు కట్టి టికెట్లు చూసుకునేటప్పుడు క్యాలెండర్‌లో పెళ్లిరోజు ఎక్కడుందో ఒకసారి చూడాలి. అక్కడ అడుగుపెట్టే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1, రెండేళ్ల కండిషనల్ కార్డు, అది అయిపోయే ముందు 90 రోజుల్లో ఆ కండిషన్ తీసెయ్యమని ఐ-751 వేసి మళ్లీ ఫీజు, మళ్లీ కాగితాలు, మళ్లీ ఎదురుచూపు. రెండేళ్లు నిండితే ఐఆర్-1, పదేళ్ల కార్డు, ఆ తలనొప్పే లేదు. పిటిషన్ వేసిన రోజూ ఇంటర్వ్యూ రోజూ లెక్కలోకి రావు, ఎంట్రీ రోజే లెక్క. వీసాకి మెడికల్‌ని బట్టి సాధారణంగా ఆరు నెలల దాకా గడువు ఉంటుంది కాబట్టి, రెండో పెళ్లిరోజు ఇంకో మూడు వారాల్లో ఉందంటే ఆ పండగేదో ఇక్కడే అమ్మావాళ్లతో చేసుకుని, ఆ తర్వాతి వారానికి ఇద్దరికీ ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్లు తీసుకోవచ్చు.